మంచుకొండ పువ్వు కింద నా పేరు

మా బాటనీ మేడం పోయిందని ఫోన్ చేసి చెప్పినోడు, నాతోపాటు పుంగనూరులో ఇంటర్ చదివి ఇప్పుడు మదనపల్లెలో టమోటా మండీ నడిపే స్నేహితుడు. కుప్పంలో తమ్ముని ఇంట్లో ఉన్నిందంట. తెల్లారి కాఫీ తాగి, పేపరు చదవతా కుర్చీలోనే పోయిందంట. అప్పటికి మూడు రోజులైందంట. "ఆదివారం పుంగనూరులో సంతాపసభ పెడతాండాము. నువ్వు మాట్లాడల్లప్పా. హిమాలయాల పువ్వని నీ పేరు పేపర్లో పడిందే, అది ఆయమ్మ చెప్పిన చదువు పుణ్యమే గదా" అన్నాడు. వాని మనసులో ఏ కల్మషమూ లేదు. నేను సరే అన్నాను.

నాకు ఏడుపు రాలేదు. సిగ్గొచ్చింది. ఆ పువ్వును గుర్తుపట్టింది నేను కాదు, మేడం. ఆయమ్మ పేరు పడాల్సిన చోట నా పేరు పడింది. మారుస్తానని చెప్పి నేను మార్చలేదు. ఆయమ్మ బతికుండగా ఈ మాట నలుగురిలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడన్నా చెప్పకపోతే నేను అన్నం తినే మనిషిని కాదు. అందుకే రాస్తాండాను. చదివినోళ్లు తిట్టుకుంటే తిట్టుకోండి, దానికి నేను తగినోణ్ణే.

తొంభైల్లో పుంగనూరులో బైపీసీ చదివినోళ్లకెవరికైనా మా మేడం తెలుసు. పొట్టి మనిషి. కాటన్ చీర, చంకలో నల్ల గొడుగు. వాన ఉన్నా లేకున్నా ఆ గొడుగు ఉండాల్సిందే, ఎందుకంటే అది వానకు కాదు, ముళ్ల కంపలు పక్కకు తోసి లోపలి మొక్కను చూసేదానికి. బస్సు దిగి కాలేజీకి నడిచొచ్చేది పావుగంట దారి, ఆయమ్మకు ముప్పావుగంట పట్టేది. రోడ్డు పక్కన వంగి గడ్డీ గాదం చూస్తా నిలబడేది. పోయేవాళ్లు ఏమన్నా పారేసుకున్నెట్టుందే అని వాళ్లూ వంగి వెతికేవాళ్లు.

బోర్డు మీద పువ్వు గీస్తే ఒక్కసారి కూడా తుడిచేది కాదు. మేము మొక్కను చూడంగానే నోటికొచ్చిన పేరు చెప్పేస్తే మాత్రం ఊరుకునేది కాదు. "తొందరపడి పేరు పెట్టొద్దప్పా. ముందు బాగా సూడు" అనేది. రెండేండ్లలో ఆ మాట మేము వెయ్యిసార్లు విన్నింటాము. మా బ్యాచ్‌లో పెండ్లి సంబంధాలు చూసుకునేటప్పుడు కూడా ఒకరికొకరు అదే చెప్పుకొని నవ్వుకునేవాళ్లం.

పుస్తకంలో మంచుకొండల మొక్కల గురించి ఉన్నింది నాలుగు లైన్లు. మేడం దానికి రెండు క్లాసులు తీసుకునేది. కొండ ఎక్కతా పోతే ఒక ఎత్తులో చెట్లు ఆగిపోతాయంట, ఇంగ ఆ పైన ఉండేదంతా జానెడు మొక్కలేనంట. గాలికీ చలికీ ముసలోళ్లు కంబళి కప్పుకొని మోకాళ్లు ముడుచుకొని కూర్చున్నెట్ల నేలకు అతుక్కొని ఉంటాయంట. ఏడాదిలో ఎండ కాసే ఆ కొన్ని వారాల్లోనే మొగ్గ తొడిగి, పూసి, విత్తనమై పోవాలంట. టమోటా తోటలు, చెనిక్కాయ చేన్లు తప్ప ఏమీ చూడని మాకు ఇదంతా కట్టుకత మాదిరి ఉండేది. నేను లేచి, మీరు చూసినారా మేడం అని అడిగినాను. వెటకారంగానే అడిగినాను, దాపరికమెందుకు.

"లేదప్పా. ఆ పుస్తకం రాసినాయప్ప సూసినాడు. నేను పుస్తకం సూసినాను" అనింది. ఏమాత్రం నొచ్చుకోలేదు. గొప్పలు చెప్పుకునే అయ్యవార్లను శానామందిని చూసినాను గానీ, నాకు తెలీదు అని పిల్లోళ్ల ముందర అంత సులువుగా చెప్పిన మనిషిని మళ్లీ చూడలేదు.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. ఏవేవో కోర్సులు చదివి, రెండువేల సంవత్సరం దాటినాక మదనపల్లె బస్టాండు వెనక సందులో మూడు కంప్యూటర్లతో నెట్ సెంటర్ పెట్టినాను. ఒక ఎండాకాలం మేడం గొడుగుతో సహా లోపలికొచ్చింది. ఆ ఏడు తన పిల్లోళ్ల ఇంటర్ రిజల్ట్స్ చూసేదానికి, హాల్ టికెట్ నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకొచ్చింది. అందరివీ చూసినాక, పోయే ముందర, కొంచెం మొహమాటంగా, ఇందులో మంచుకొండల పువ్వులు కూడా ఉంటాయా అని అడిగింది.

నేను వెతికి ఒక ఫోటో నొక్కినాను. ఆ రోజుల్లో ఫోన్ లైను మీద నడిచే నెట్. బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. ముందు ఆకాశం, తర్వాత రాయి, ఆ తర్వాత నీలం రంగు గసగసాల పువ్వు. మేడం కండ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టుకుంది. "నల్ల బోర్డు మీద తెల్ల సుద్దతో ఇన్నేండ్లు గీసినాను. ఇంత నీలంగా ఉంటాదని ఎవరూ చెప్పలేదప్పా" అనింది.

ఆ పొద్దు నుంచి ప్రతి ఆదివారం పుంగనూరు నుంచి బస్సెక్కి వచ్చేది. ఉడకబెట్టిన చెనిక్కాయల డబ్బా నాకిచ్చి, చేతులు కడుక్కొని తుడుచుకొని అప్పుడు మౌస్ ముట్టుకునేది. ఎవరెవరో కొండలెక్కినోళ్లు తాము తీసిన పువ్వుల ఫోటోలు పేజీలు పేజీలుగా పెట్టింటారు, వాటిని ఒకటొకటే తెరిపించేది. బొమ్మ దిగతా ఉంటే నన్ను మాట్లాడనిచ్చేది కాదు. ఆకు కొస కనపడంగానే, కాడ మీద నూగు కనపడంగానే, ఇది ఫలానా కుటుంబం అనేది. పువ్వు పూర్తిగా దిగేలోపల పేరు కనుక్కోవల్ల, అదీ ఆట. గెలిస్తే బల్ల మీద మెల్లగా దరువేసేది. పోయే ముందర నచ్చిన పేజీలు నలుపు తెలుపు ప్రింట్లు తీయించుకునేది. ఆ నెట్ సెంటర్‌కు వచ్చినోళ్లలో సగం మంది చాటింగ్‌కు, సగం మంది చూడగూడని బొమ్మలకు వచ్చినోళ్లే. ఆదివారం మేడం ఉన్నంతసేపూ వాళ్లు కూడా బుద్ధిగా కూర్చునేవాళ్లు.

ఒక ఆదివారం కరెంటు లేక ఊరికే కూర్చున్నప్పుడు తన కత చెప్పింది. ఎమ్మెస్సీ చదివేటప్పుడు క్లాసంతా హిమాలయాలకు టూర్ పొయినారంట. ఆడపిల్లవు, అన్ని దినాలు యాడికి పోతావని నాయన వద్దన్నాడంట. పొయినోళ్లు మొక్కలు ఎండబెట్టుకొని తెచ్చినారు. అట్టల మీద అతికించి, కింద మొక్క పేరూ తెచ్చినోని పేరూ రాయాల. మేడం చేతిరాత బాగుంటాదని ఆ పని ఆయమ్మకిచ్చినారు. వంద అట్టల పైన రాసిందంట. "రాసింది నేను. పేర్లు వాళ్లవి" అని నవ్వింది. ఇది విని కూడా నేను ఆ పని చేసినాను సూడండి, నన్నేమనాల.

ఫోటోలు పెట్టేవాళ్లలో ఒకాయప్ప ఉండేవాడు. ఏదో చలి దేశంలో రిటైరైన ఇంజనీరు. ఏటా హిమాలయాలకొచ్చి నడిచేవాడు. ఆయప్పకు చెట్ల చదువు లేదు. తెలియని పువ్వు కింద, దీని పేరు తెలియదు, తెలిసినవాళ్లు రాయండి అని పెట్టేవాడు. అట్లాంటి ఫోటో ఒకటి మేడంను పట్టుకుంది. రాళ్ల మధ్యలో దూదేకినోని అంగట్లో నుంచి ఎగిరొచ్చి పడినట్ల ఒక తెల్ల ఉన్ని ఉండ. ఆకు లేదు, పువ్వు లేదు. గొర్రెపిల్ల పండుకున్నెట్టుంది మేడం అన్నాను. నవ్వింది గానీ తల తిప్పలేదు.

మూడు ఆదివారాలు అదే ఫోటో. పెద్దది చెయ్యి, ఇంకా పెద్దది చెయ్యి అనేది. నాకు విసుగొచ్చి పక్క కంప్యూటర్ దగ్గరికి పొయ్యేవాణ్ణి. నాలుగో ఆదివారం కర్చీఫులో ఏదో చుట్టుకొని వచ్చింది. విప్పితే గడ్డిచామంతి. పుంగనూరు బస్టాండులో కాలి కింద పడి నలిగే కలుపు మొక్క. దాని ఎండిన పువ్వులోంచి ఒక విత్తనం లాగి, తోకకు గొడుగు మాదిరి విచ్చుకున్న నూగుతో సహా స్క్రీన్‌కు ఆనించి పట్టుకుంది. ఫోటో కింది మూలలో, పోయినేడు ఎండిపోయిన మొక్క నుంచి ఊడి ఒక రాయికి అతుక్కున్న అట్లాంటి విత్తనమే ఒకటి ఉన్నింది. నేను నెల రోజులు ఆ ఫోటో చూసినాను, నాకు కనపడలేదు. ఇవి రెండూ ఒకే ఇంటోళ్లప్పా, సూర్యకాంతి కుటుంబం అనింది. ఉన్ని ఉండ పైన చిన్న సందు చూపించి, తుమ్మెద దూరేదానికి దారి పెట్టుకుంది, లోపల వెచ్చగా పువ్వులుండాయి అనింది. పేరు సాసూరియా అని చెప్పేదానికి ఇంకో రెండు వారాలు పుస్తకాలు తిరగేసింది. తొందరపడి పేరు పెట్టే మనిషి కాదు గదా.

ఆయప్పకు రాయల్ల అని ఇంగ్లీషులో ఒక పేజీ జాబు రాసుకొచ్చింది. చివర తన పేరు, బాటనీ లెక్చరర్, పుంగనూరు. నేను టైపు చేస్తాండాను. ఆ రోజుల్లో మా ఊర్లో ఎవరి జాబైనా నెట్ సెంటరోని పేరూ ఊరూ ఉండే ఐడీ నుంచే పొయ్యేది. ఒక్కో మనిషికి కొత్త ఐడీ తెరవాలంటే అరగంట తినేసేది. మబ్బు పట్టింది, కరెంటు మినుకు మినుకుమంటాంది, యూపీఎస్ అరస్తాంది. ఆఖరి రెండు లైన్లు కొట్టకుండానే పంపించేసినాను. నా పేరు ఎక్కిందా అప్పా అని అడిగింది. ఎక్కింది మేడం అన్నాను. తర్వాత ఇంకో జాబు రాస్తే పోలా అనుకున్నాను. అక్కడికి అది పొరపాటే. నేను ఇక్కడ ఆగింటే ఇంత రాసే పని ఉండేది కాదు.

నెల దాటినాక ఒక బుధవారం జవాబొచ్చింది. ఆయప్ప తెలిసినవాళ్లకు చూపించినాడంట, అంతా సరిగ్గానే ఉండాదంట, శానా సంతోషమంట. పేజీ తెరిచి చూస్తే ఉన్ని ఉండ కింద కొత్త పేరు, దాని కింద, గుర్తించినవారు అని నా పేరు, మదనపల్లె, ఇండియా. అదే టయానికి ఒక విలేకరి టీ తాగతా నా పక్కన నిలబడి ఉన్నాడు. ఇది మా మేడం కనిపెట్టింది అని వానికి చెప్పినాను. ఆ మాట ఒట్టు, చెప్పినాను. పేజీలో నీ పేరుండాది, రిటైరయ్యే టీచరమ్మ గురించి రాస్తే ఎవరు చదవతారు, నెట్ సెంటర్ పిల్లోడంటే న్యూసు అన్నాడు వాడు. నేను జుట్టు దువ్వుకొని ఫోటోకు నిలబడినాను.

జిల్లా పేజీలో వచ్చింది, హిమాలయ పుష్పాన్ని గుర్తించిన మదనపల్లె యువకుడు అని. అప్పటికి మా సందులోనే ఇంకో రెండు నెట్ సెంటర్లు లేచి నా అంగడి ఈగలు తోలతాండాది. పేపరు పడినాక జనం వచ్చినారు. నేను ఆ ముక్క ఫ్రేము కట్టించి గోడకు తగిలించినాను. ఆదివారం మేడం వచ్చింది. కాలేజీ స్టాఫ్‌రూంలో ఆ పేపరు అప్పటికే బోర్డుకు అంటించి, చూడండి మేడం మీ శిష్యుడు మిమ్మల్ని దాటిపొయినాడు అని ఎగతాళి చేసినారంట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయమ్మ చెప్పలేదు. ఫ్రేమును చూసింది, చేతులు కడుక్కొని కూర్చుంది, పేజీ తెరిపించింది. ఉన్ని ఉండ కిందికి దిగినాక ఆగింది.

"ఇది మార్చేదానికి అయితాదా అప్పా?"

అయితాది మేడం, ఇప్పుడే రాస్తాను అన్నాను.

"రాయప్పా. ఆయప్ప తప్పు పట్టుకున్నెట్ల రాయొద్దు. పొరపాటున పడిందని రాయి. నొచ్చుకుంటాడు."

ఎవరో ఏ దేశంలోనో ఉండే మనిషి నొచ్చుకోగూడదంట. ఆ ఆలోచన ఆయమ్మది. నా ఆలోచనేమో, పేజీ మారితే విలేకరి ఏమంటాడు, గోడ మీది ఫ్రేము ఏం కావాల అని. ఈ పొద్దు నెట్ సరిగ్గా లేదు, రేపు రాస్తానన్నాను. ఆయమ్మ ఎప్పటి మాదిరే ఆ పేజీ కూడా ప్రింటు తీయించుకొని పొయింది. వచ్చే ఆదివారం అడిగితే, రాసేసినాను అన్నాను. రాయలేదు. ఆ తర్వాతి ఆదివారం జవాబొచ్చిందా అని అడిగింది. రాలేదు మేడం. ఆ తర్వాత కూడా రాలేదు మేడం. జవాబు యాడ నుంచి వస్తాది?

ఇంతలో నాకు వి.కోట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి నాయన అంగడికొచ్చి కూర్చొని, మాటల మధ్యలో ఫ్రేము చూసి, లేచి దగ్గరికి పొయ్యి చదివినాడు. చదివినాక ఇంగ వేరే ప్రశ్నలు అడగలేదు. పేపర్లో పడిన అల్లుడని ఊరంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు మార్చమని రాస్తే ఈయప్పకేం చెప్పల్ల? రాయాల్సిన జాబు రెండు లైన్లు. ఆ రెండు లైన్లు రాసేదానికి నాకు చేతులు రాలేదు.

మేడం నా పెండ్లికి వి.కోటకు వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. మా మామ వచ్చినోళ్లందరికీ నన్ను చూపించి హిమాలయాల కత చెబతా, మేడంను పట్టుకొని, మీ దగ్గర చదివినోడే గదమ్మా, పువ్వును అంత దూరం నుంచి ఎట్ల కనిపెట్టినాడో అన్నాడు. మేడం నా మొగం చూసింది. ఒక్క మాట చాలు, నా బతుకు ఆ పందిట్లోనే బజారున పడేది.

"అవునప్పా. బాగా సూస్తాడు" అనింది.

ఆ తర్వాత జవాబొచ్చిందా అని ఎప్పుడూ అడగలేదు. అడిగింటే నాకు మేలుగా ఉండేది. తిట్టింటే ఇంకా మేలు. మళ్లీ ఆదివారం అదే మాదిరి వచ్చి, నాకు చెనిక్కాయల డబ్బా ఇచ్చి, కూర్చొని కొత్త పువ్వులు చూసింది. ఆ ఒక్క పేజీ మాత్రం తెరిపించలేదు. పేరు కనుక్కునే ఆట కూడా మానేసింది. పువ్వు మొత్తం దిగేదాకా గమ్మున ఉండి, కింద రాసిందేందో చదువుకొని, ఇంకోటి తియ్యి అనేది. మేడం, మీరు నన్ను కాపాడినారని అందరూ అంటారేమో. మీరు నాకు ఏసిన శిక్ష అది, నేను ఇన్నేండ్లూ అట్లనే అనుకున్నాను.

రిటైరై కుప్పం పొయింది. సెల్‌ఫోన్లొచ్చి నెట్ సెంటర్లు మూతబడినాయి, నేను అదే చోట సెల్ రీచార్జి అంగడి పెట్టుకున్నాను. పని మీద రెండుసార్లు కుప్పం పక్కనుండే గుడుపల్లెకు పొయినాను. రెండుసార్లూ కుప్పంలో మేడం ఉండే వీధి మొదల్లో బండి ఆపినాను. రెండుసార్లూ తిప్పుకొని వచ్చేసినాను.

సంతాపసభలో శానామంది మాట్లాడినారు. స్టాఫ్‌రూంలో ఎగతాళి చేసినాయనే అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడినాడు. మేడం నాటిన విత్తనం హిమాలయాల దాకా పొయిందని నా పక్క చెయ్యి చూపించినాడు. జనం చప్పట్లు కొట్టినారు. నేను లేచి నిలబడినాను. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అంతా చెప్పేయల్ల అనుకున్నాను, దేవుని పటం ముందర ఒట్టు కూడా పెట్టుకున్నాను. నోరు తెరిస్తే, మేడం శానా మంచిది, ఓర్పుగా చెప్పేది, మాకు తీరని లోటు అని వచ్చింది. కూర్చున్నాను. దానికీ చప్పట్లు కొట్టినారు.

మర్నాడు పొద్దున ఆ పేజీ కోసం వెతికినాను. లేదు. ఆ ఫోటోల సైటు పేరుతో ఇప్పుడు ఏవో అమ్మకాల బొమ్మలొస్తాండాయి. ఆ ఫోటోలు పెట్టిన ఇంజనీరాయప్పకు మెయిలు రాసినాను, ఇన్నేండ్లకు, ఆ రెండు లైన్లూ రాసినాను. అట్లాంటి ఐడీ లేదని తిరిగొచ్చింది. బతికుండాడో లేదో కూడా తెలీదు. ఇంగ మార్చేదానికి ఈ భూమ్మీద ఏమీ మిగల్లేదు.

నా పెండ్లానికి అంతా చెప్పినాను. చెప్పినంతసేపూ బియ్యం ఏరతా వినింది. "ముందు కుప్పం పో. ఆయమ్మ ఇంట్లో చెప్పి రా" అనింది.

పదకొండో దినం దాటినాక కుప్పం పొయినాను. మేడం తమ్ముడు మంచం వాల్చి కూర్చోబెట్టినాడు. నేను నీళ్లు కూడా తాగకుండా, అన్నా, ఆ పువ్వు సంగతి మీ అక్క మీకు చెప్పే ఉంటాది, నేను చేసింది తప్పు అని మొదలుపెట్టినాను. ఆయప్ప నా మొగం అయోమయంగా చూసినాడు.

"ఏ పువ్వప్పా?" అన్నాడు.

చెప్పలేదు. ఆయమ్మ సొంత తమ్మునికి కూడా చెప్పలేదు. ఇంతకు ముందర నేను శిక్ష అన్నానే, ఆ మాట వెనక్కి తీసుకుంటాండాను. నేను మొదటి నుంచి చివరిదాకా అంతా చెప్పినాను. ఆయప్ప లోపలికి పొయ్యి, అట్టల ఫైలు ఒకటి తెచ్చి నా ఒళ్లో పెట్టినాడు. నెట్ సెంటర్లో తీసిన కాగితాలని మాత్రం చెప్పేది, నువ్వే సూసుకో అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, మర్యాద కూడా లేదు.

నేను తీసిచ్చిన ప్రింట్లే, అన్నీ నలుపు తెలుపు. ఒక్కోదానికీ కలర్ పెన్సిళ్లతో ఓపిగ్గా రంగులేసుకుంది. నీలం గసగసాల పువ్వుకు మూడు రకాల నీలం వాడింది. చివర్లో ఉన్ని ఉండ ఉన్నింది. దానికి మాత్రం ఏ రంగూ వెయ్యలేదు, తెల్లది గదా, చుట్టూ ఉన్న రాళ్లకు మాత్రం బూడిద రంగేసి వదిలేసింది. కింద సాసూరియా అనే పేరుంది. దాని కింద నా పేరు లేదు. అక్కడ అంత మేరకు బ్లేడుతో నాలుగు పక్కలా సక్కగా కోసి తీసేసింది. తన పేరు రాసుకోలేదు. ఏమీ రాయలేదు. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, ఆ కోసిన సందులోంచి నా బొటనవేలు కనపడతా ఉన్నింది.